టైమ్ యూటీసీలో దాచండి, మన టైమ్‌లో చూపించండి

రాయగడలోనో సిరొంచలోనో ఒక కిరాణా షాపుకి బిల్లింగ్ యాప్ రాస్తుంటే, బిల్లు కొట్టిన టైమ్‌ని డేటాబేస్‌లో యూటీసీలోనే (ప్రపంచమంతా ఒకే లెక్కగా వాడే టైమ్, మన టైమ్ కంటే 5:30 గంటలు వెనక) దాచండి. స్క్రీన్ మీద చూపించేటప్పుడు చేత్తో 5:30 గంటలు కలపొద్దు, ‘ఏషియా/కోల్‌కతా’ అనే టైమ్ జోన్ పేరు టైమ్ లెక్కలు చేసే లైబ్రరీకి (రెడీమేడ్ కోడ్‌కి) ఇవ్వండి, అదే చూసుకుంటుంది.

అసలు చిక్కు తేదీ దగ్గరే: తెల్లవారుజామున 4 గంటలకి పాల ప్యాకెట్లకి బిల్లు కొడితే యూటీసీలో అది ముందురోజు రాత్రి 10:30, కాబట్టి రోజువారీ లెక్క యూటీసీ తేదీతో తీస్తే ఆ డబ్బు నిన్నటి ఖాతాలోకి పోతుంది, షాపాయనకి అనవసరంగా టెన్షన్. మన అర్ధరాత్రి హద్దుల్ని యూటీసీలోకి మార్చి, ఆ మధ్యలో ఉన్న బిల్లులే తీయండి.

ముందు ముందు జరగబోయేవాటి టైమ్ దాచే తీరు వేరు. మనకి గడియారం మార్చే గొడవ లేదు గానీ న్యూయార్క్‌లో ఉంది, మార్చిలో ముందుకీ నవంబర్‌లో వెనక్కీ. అక్కడి టైమ్ ప్రకారం పెట్టుకున్న మీటింగ్ అయితే ఆ టైమ్‌నీ జోన్ పేరునీ కలిపి దాచండి.