హేజీ బీరు రుచి తేడాగా ఉంటే: సమస్య - పరిష్కారం

సమస్య: వేర్వేరు దేశాల హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేసిన హేజీ బీర్లు, అంటే మసకగా ఉండే బీర్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి.

చాలాసార్లు తప్పు చల్లదనానిదే. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాసన పైకి లేవదు. కాసేపు బయట పెట్టి, 8-10 డిగ్రీలకు వచ్చాక ముందు వాసన చూడండి, తర్వాతే గుక్క. అప్పుడు తేడాలు తెలుస్తాయి. అమెరికా హాప్ సిట్రాలో మామిడి, నిమ్మతొక్క. ఆస్ట్రేలియా గెలాక్సీలో పాషన్ ఫ్రూట్. న్యూజిలాండ్ నెల్సన్ సావిన్‌లో తెల్ల వైన్ ఛాయ ఉంటుంది. సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షను గుర్తుచేస్తుందనే దానికి ఆ పేరు. జర్మనీ మాండరినా బవేరియాలో కమలాపండు.

చెక్ సాజ్ మాత్రం నెమ్మదస్తుడు. కాస్త పూలు, కాస్త మసాలా, అంతే. గెలాక్సీ తర్వాత తాగితే అందులో ఏమీ లేదనిపిస్తుంది. ఆ తీర్పు అన్యాయం, తప్పు వరసది. సాజ్‌తో మొదలుపెట్టి ఘాటైనవి చివరికి ఉంచండి. మధ్యలో నీళ్లు, ఉత్త బ్రెడ్డు ముక్క. ఒక్కోటి రెండు మూడు గుక్కలు చాలు. ఈ బీర్లలో ఆల్కహాల్ సాధారణంగా 6-9 శాతం ఉంటుంది, అన్నీ పూర్తిగా తాగితే చివరిదాని రుచి చెప్పడం మీ వల్ల కాదు.

సమస్య: గొంతులో గీరినట్టు మంట.

పులియబెట్టే దశలోనో ఆ తర్వాతో వేసిన హాప్స్ పొడి ఇంకా బీరులో తేలుతోంది. క్యాన్‌ను ఫ్రిజ్‌లో నిలువుగా వారం పాటు కదపకుండా ఉంచండి. మెల్లగా వంచి, అడుగున మిగిలింది వదిలేయండి. క్యాన్‌ను తిరగేసి కలిపి పోసేవాళ్లున్నారు, నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చదు. మసక దానంతటదే ఉంటుంది: ఓట్స్, గోధుమల ప్రొటీన్లు హాప్స్‌లోని పాలీఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి ఏర్పడేది అది. అడుగున చేరేది వేరే సరుకు.

సమస్య: ఉల్లి, వెల్లుల్లి వాసన.

పాడైందని పారబోయకండి. మొజాయిక్, సిమ్కో లాంటి అమెరికా హాప్స్‌ను ఆలస్యంగా కోస్తే ఈ వాసన రావచ్చు. కొందరికి ఇదే ఇష్టం!

సమస్య: పోసిన వెంటనే నురగ చచ్చిపోతోంది.

గ్లాసుకు జిడ్డో సబ్బో అంటి ఉంది. బాగా కడిగి, గాలికి ఆరబెట్టండి.

సమస్య: రంగు గోధుమగానో బూడిదగానో మారింది, తడి అట్టపెట్టె వాసన.

ఆక్సిజన్ తగిలింది. హాప్స్ ఎక్కువ పడే హేజీ బీర్లు దీనికి త్వరగా లొంగిపోతాయి. దీనికి మందు లేదు, పారబోయడమే. అందులో ఏ దేశం హాప్ ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. ఈసారి కొనేటప్పుడు క్యాన్ అడుగున ప్యాకింగ్ తేదీ చూడండి, షెల్ఫులో వెచ్చగా నిలబెట్టినదాన్ని అక్కడే వదిలేయండి.