ప్రభుత్వ వాణిజ్య సంస్థలో ఇంటర్న్‌షిప్: ఒక్క ఫోన్ ప్రశ్నను చివరిదాకా పట్టుకోవడం

చేరిన రెండో రోజే ఫోన్ మోగింది. ఆఫీసర్ మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు, పక్క సీటు ఖాళీ, ఎత్తాల్సింది నేనే. అవతల ఒక చిన్న యూనిట్ యజమాని. "మేం కాటన్ సంచులు కుట్టిస్తామండీ. బయటి దేశం నుంచి ఒక బయ్యర్ అడుగుతున్నాడు. అక్కడ డ్యూటీ ఎంత పడుతుందో చెప్తారా?" అన్నారాయన. కనుక్కుని చెప్తానని నంబరు రాసుకున్నాను. ఐదు నిమిషాల పని అనిపించింది. సాయంత్రం దాకా కూర్చుని తయారుచేసిన జవాబు తప్పని తేలింది. పంపేముందు మేడమ్ చూశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆయన ఆ అంకె నమ్ముకుని బయ్యర్‌కి ధర చెప్పేసేవారు.

బిజినెస్ చదువుతూ ఎగుమతుల ప్రోత్సాహక సంస్థలోనో, వాణిజ్య శాఖ ఆఫీసులోనో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను పది వారాలు చేశాను. వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న వెనక దాదాపు ప్రతిసారీ ఇంకో ప్రశ్న ఉంటుంది. దాన్ని బయటికి తీసి, జవాబు తేలేదాకా వదలకుండా ఉండటమే ఇంటర్న్ చేయగలిగిన అసలు సాయం అని నా నమ్మకం.

ముందు దరఖాస్తు సంగతి. వాణిజ్య సంస్థలన్నీ ఒకే రకం కావు. కొన్ని బయ్యర్లను వెతికిపెట్టి, ఎగ్జిబిషన్లకు తీసుకెళ్లి ఎగుమతులు పెంచే పని చేస్తాయి. కొన్ని లైసెన్సులు, నియమాలు చూస్తాయి. కొన్ని వేరే దేశాలతో ఒప్పందాల చర్చలకు కాగితాలు తయారుచేస్తాయి. మొదటి రకంలో రోజంతా ఎగుమతిదారులతో మాట్లాడాలి. రెండో రకంలో ఫైళ్లు, నిబంధనలు చదవాలి. మూడో రకంలో చాలా కాగితాలు గోప్యం కాబట్టి ఇంటర్న్‌కి చూపించేది తక్కువ. మీరు వెళ్తున్నది ఏ రకమో ముందే తెలుసుకోండి. దరఖాస్తు లేఖలో "అంతర్జాతీయ వాణిజ్యం మీద ఆసక్తి" అని రాసి ఊరుకోవద్దు. ఒక సరుకు పేరు, ఒక దేశం పేరు రాసి, దాని గురించి మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో మూడు వాక్యాల్లో చెప్పండి. కాలేజీ లేఖ, తేదీలు, గుర్తింపు పత్రాలు రెండు మూడు నెలల ముందే పంపండి. ప్రభుత్వ ఆఫీసులో ఒక సంతకం కోసం కాగితం నాలుగు టేబుళ్లు తిరుగుతుంది. స్టైపెండ్ ఉంటుందో లేదో మొహమాటపడకుండా అప్పుడే అడగండి.

ఇక చేరే ముందు ఒక్కటి నేర్చుకోవాలంటే అది హెచ్‌ఎస్ కోడ్. ప్రపంచంలో దాదాపు అన్ని దేశాల కస్టమ్స్ వాళ్లూ సరుకును గుర్తుపట్టేది ఈ కోడ్‌తోనే. బ్రసెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీన్ని చూసుకుంటుంది. 1988 నుంచి అమల్లో ఉంది, కొన్నేళ్లకోసారి సవరిస్తారు. 2022 ఎడిషన్ తర్వాతది 2028 జనవరి 1 నుంచి వస్తుంది. మొదటి రెండు అంకెలు చాప్టర్, నాలుగు అంకెలైతే హెడింగ్, ఆరైతే సబ్‌హెడింగ్. ఆరు అంకెల వరకు అందరికీ ఒకటే. ఆ తర్వాత ఒక్కో దేశం తన అవసరం కొద్దీ ఎనిమిదికో పదికో పొడిగించుకుంటుంది. అందుకే మన దేశపు ఎనిమిది అంకెల కోడ్ తీసుకెళ్లి ఇంకో దేశపు సుంకాల పట్టికలో వెతికితే తప్పుదారి పడతాం.

నేను చేసిన తప్పు మాత్రం ఇంకా ముందే జరిగింది. సెర్చ్‌లో "కాటన్ సంచి" అని కొట్టాను. 6305.20 వచ్చింది. దానికి ఎదురుగా ఉన్న సుంకం రాసేసుకున్నాను. మేడమ్ నా కాగితం చూసి ఒకటే అడిగారు: "ఈ సంచిలో ఏం పెడతారు?" నా దగ్గర జవాబు లేదు. 6305 అంటే సరుకు నింపి ప్యాక్ చేయడానికి వాడే బస్తాలు, గోతాలు. ఆయన కుట్టించేది చేతిలో పట్టుకుని బజారుకెళ్లే సంచీ అయితే అది 4202.92 వైపు వెళ్తుంది. 42వ చాప్టర్ అంటే తోలు వస్తువులని చదువుకున్నాం కదా, గుడ్డ సంచి అక్కడికి ఎలా వెళ్తుందని అడిగాను. మేడమ్ పుస్తకం తెరిచి 4202 హెడింగ్ మొత్తం నాతో పైకి చదివించారు. ట్రంకులు, సూట్‌కేసులు, హ్యాండ్‌బ్యాగులు, షాపింగ్ బ్యాగులు, ఆ తర్వాత వేటితో చేసినవో... అక్కడ టెక్స్‌టైల్ కూడా ఉంది. రెండు కోడ్‌లకీ ఆ దేశంలో సుంకం వేరువేరు.

కాబట్టి కోడ్ చూసేటప్పుడు సెర్చ్ బాక్సును నమ్మకండి. హెడింగ్ పూర్తిగా చదవండి. చాప్టర్ మొదట్లో ఉండే నోట్సు చదవండి, ఏవి ఈ చాప్టర్‌లోకి రావో అక్కడే రాసి ఉంటుంది. సరుకు ఫొటో తెప్పించుకోండి. ఇంత చేశాక కూడా "మా అంచనా ఇది, తుది నిర్ణయం దిగుమతి చేసుకునే దేశపు కస్టమ్స్‌ది" అని తప్పకుండా రాయండి. పెద్ద ఆర్డర్ అయితే అడ్వాన్స్ రూలింగ్ అనే దారి ఉంది. సరుకు పంపేముందే కోడ్ ఏదో అక్కడి కస్టమ్స్‌ని రాతపూర్వకంగా అడిగి, వాళ్లు కట్టుబడే జవాబు తీసుకోవచ్చు. 2017లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రేడ్ ఫెసిలిటేషన్ ఒప్పందంలోనే ఈ ఏర్పాటు ఉంది. చిన్న ఎగుమతిదారుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. మీరు చెప్తే వాళ్లకి నిజంగా పనికొస్తుంది.

మర్నాడు ఆ యజమానికి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఒక కాగితం మీద ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. సంచికి పట్టీ ఉందా? జిప్ ఉందా? లోపల లైనింగ్ ఉందా? గుడ్డ ఎక్కడ నేసింది? చివర్లో, బయ్యర్ ధర ఎలా అడిగాడు? ఆయన మెయిల్ తెరిచి అక్షరాలు కూడబలుక్కుని చదివారు: "డీ డీ పీ అని రాశాడండీ. అంటే ఏంటి?"

అసలు ప్రశ్న అక్కడ ఉంది. ఇన్‌కోటర్మ్స్ అని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936 నుంచి ప్రచురిస్తున్న నియమాలు ఉన్నాయి. 2020 ఎడిషన్‌లో మూడేసి అక్షరాల పేర్లతో పదకొండు ఉన్నాయి. రవాణా, బీమా, సుంకం ఎవరి నెత్తిన పడతాయో ఈ మూడక్షరాలే తేలుస్తాయి. ఎఫ్‌ఓబీ (సరుకు ఓడ ఎక్కించేదాకానే అమ్మేవాడి ఖర్చు), సీఐఎఫ్ (ఓడ రవాణా, బీమా కూడా అమ్మేవాడిదే) లాంటి వాటిలో దిగుమతి సుంకం కొనేవాడిదే. పదకొండింటిలో డీడీపీ, అంటే డెలివర్డ్ డ్యూటీ పెయిడ్, ఒక్కదానిలోనే అది అమ్మేవాడి మీద పడుతుంది. అంటే సరుకు బయ్యర్ గుమ్మం దాకా చేర్చి, అక్కడి డ్యూటీ, దిగుమతి మీద వేసే ఇతర పన్నులు కూడా ఈయనే భరించాలి. ఆ దేశంలో దిగుమతిదారుగా రిజిస్ట్రేషన్ కావాల్సి రావచ్చు కూడా. ఎనిమిది కుట్టుమిషన్లున్న యూనిట్‌కి ఇది మోయలేని బరువు. "డ్యూటీ ఎంత" అన్న ప్రశ్నకు సరైన అంకె ఇచ్చి పంపినా ఆయన చిక్కులో పడేవారే. డీడీపీ ఒప్పుకోకుండా ఎఫ్‌ఓబీ ధర చెప్పొచ్చని, లేదా డీఏపీ అడగొచ్చని మేడమ్ ఆయనకు వివరించారు. డీఏపీలో సరుకు చేర్చే బాధ్యత అమ్మేవాడిది, దిగుమతి సుంకం బయ్యర్‌ది.

గుడ్డ ఎక్కడిదని ఎందుకు అడిగానంటే, రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటే సుంకం తగ్గొచ్చు, అయితే సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కావాలి. కుట్టింది ఇక్కడే అయినా గుడ్డ మూడో దేశం నుంచి తెచ్చింది అయితే కొన్ని ఒప్పందాల్లో ఆ రాయితీ దక్కదు. ఏ ఒప్పందంలో ఏ నియమమో చాలాసార్లు ఆ ఒప్పందం అనుబంధంలో కోడ్ పక్కనే రాసి ఉంటుంది. అది ఓపిగ్గా చదవాలి, దగ్గరదారి లేదు.

ఇక డేటా. ఏ సరుకు ఏ దేశం ఎంత కొంటోందో చూడటానికి ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్, జెనీవాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ నడిపే ట్రేడ్ మ్యాప్ వాడతారు. మూడో వారంలో నాకు పెద్ద టెన్షన్ వచ్చింది. మన దేశం ఫలానా దేశానికి పంపామన్న విలువ ఒకటి, ఆ దేశం మన దగ్గర్నుంచి కొన్నామన్న విలువ ఇంకొకటి. రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు. సగం రోజు నా ఎక్సెల్ షీటే తప్పనుకుని తిరగేశాను. తప్పేమీ లేదు. ఎగుమతి లెక్క సాధారణంగా ఎఫ్‌ఓబీ విలువలో ఉంటుంది, దిగుమతి లెక్క సీఐఎఫ్‌లో, అంటే రవాణా, బీమా కలిపి. కానీ అంత తేడా దాంతో రాదు. సరుకు మధ్యలో సింగపూర్, రోటర్‌డామ్ లాంటి పెద్ద రేవు మీదుగా వెళ్తే పంపినవాళ్లు ఆ రేవున్న దేశం పేరు రాయొచ్చు. అందుకున్నవాళ్లు మాత్రం సరుకు పుట్టిన దేశం పేరు రాస్తారు. డిసెంబరులో బయల్దేరిన ఓడ జనవరిలో చేరితే ఏడాదే మారిపోతుంది. ఒకే వస్తువుకి రెండు దేశాలు రెండు కోడ్‌లు వేసే సందర్భాలూ ఉంటాయి.

అప్పట్నుంచి ప్రతి పట్టిక కింద మూడు సంగతులు రాయడం అలవాటు చేసుకున్నాను: ఎవరు చెప్పిన లెక్క, ఏ తేదీన తీసుకున్నది, కోడ్ ఏ ఎడిషన్. ఒక్క ఏడాది చూసి పెరిగింది, తగ్గింది అనకండి, కనీసం ఐదేళ్లు పెట్టుకోండి. విలువను పరిమాణంతో భాగించి చూడండి. విలువ పెరిగినా టన్నులు పెరగకపోతే పెరిగింది ధరే. ఏ దేశం కిలోకి ఎంత ఇస్తోందో పక్కపక్కన పెడితే, ఎగుమతిదారు ఆ కాగితాన్ని వెంటనే చేతిలోకి తీసుకుంటాడు.

నోట్ రాయడం గురించి రెండు మాటలు. కాలేజీలో స్వాట్, పెస్టెల్ లాంటి విశ్లేషణ పద్ధతులు బాగా రుద్దుతారు. నా మొదటి నోట్ పద్నాలుగు పేజీలు వచ్చింది. మేడమ్ విసుక్కోలేదు, తీరిగ్గా చదివి, "ఇది చదివి ఆయన రేపు పొద్దున ఏం చేస్తాడు?" అన్నారు. రెండో డ్రాఫ్ట్ రెండు పేజీలు. మొదటి పేరాలోనే కోడ్, సుంకం, రాయితీ ఉందో లేదో. తర్వాత ఆ దేశపు నిబంధనలు: లేబుల్, పరీక్షలు, ప్యాకింగ్. చివర చేయాల్సిన పనులు, ఎవర్ని కలవాలో. దేశాలు తమ ప్రమాణాలు మార్చే ముందు ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేస్తాయి. ఈపింగ్ అనే ఉచిత సైట్‌లో సరుకు, దేశం పెట్టి రిజిస్టర్ చేసుకుంటే ఆ నోటిఫికేషన్లు మెయిల్‌కి వస్తాయి. నోట్‌లో ఈ ఒక్క లైన్ చేర్చినా మంచి పనే.

గోప్యత దగ్గర మాత్రం చాలా గట్టిగా ఉండండి. ఆరో వారంలో ఇంకో సంచుల తయారీదారు ఫోన్ చేసి, మాటల్లో మాటగా, "ఆ దేశం వాళ్లు ఎవరికో ఆర్డర్ ఇస్తున్నారట, ధర ఎంతట?" అని అడిగారు. నాకు తెలుసు. పేరు, ధర రెండూ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. "అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే ఇవ్వగలనండీ" అని చెప్పి, సగటు దిగుమతి ధరల పట్టిక పంపాను. ఈ ఆఫీసు మీద నమ్మకంతోనే వాళ్లు లోపలి సంగతులు చెప్తారు. కాలేజీకి ఇచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులోనూ కంపెనీల పేర్లు తీసేసి, సమర్పించే ముందు గైడ్ ఆఫీసర్‌కి చూపించండి. ఆఫీసు ఫైళ్లు సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించవద్దు.

బయ్యర్-సెల్లర్ మీట్ జరిగితే తప్పకుండా వెళ్లండి. బ్యాడ్జీలు, కుర్చీలు సర్దే పని ఇచ్చినా కాదనకండి. టేబుల్ పక్కన నిలబడి వింటే బయ్యర్ మొదట అడిగేవి తెలుస్తాయి: కనీస ఆర్డర్ ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, శాంపిల్ ఉందా. మీట్ అయ్యాక మూడు వారాలకు పాల్గొన్న ప్రతి ఎగుమతిదారుకీ ఫోన్ చేయడానికి అనుమతి అడగండి. మేం చేసినప్పుడు కొందరు బయ్యర్ మెయిల్‌కి జవాబే రాయలేదని తెలిసింది. భాష రాక ఆగిపోయారు. ఇద్దరికి కూర్చుని మెయిల్ రాసిపెట్టాం.

చివరి వారం పూర్తిగా అప్పగింతకు ఉంచుకోండి. నేను ఒక ఫోల్డర్‌లో ప్రతి సరుకుకీ ఒక పేజీ పెట్టాను: ఎవరు ఏం అడిగారు, ఏం చెప్పాం, ఏ తేదీన, ఏది ఇంకా తేలలేదు. తేలనివి మూడు ఉన్నాయి, వాటిని అన్నిటికంటే పైన పెట్టాను. అందులో ఒకటి ఆ కాటన్ సంచులదే. ఆయన ఎఫ్‌ఓబీ ధర పంపారు, బయ్యర్ శాంపిల్స్ అడిగాడు, కోడ్ మీద అక్కడి కస్టమ్స్ జవాబు రావాల్సి ఉంది. ఆ పేజీ మీద ఆయన ఫోన్ నంబరు, మళ్లీ ఫోన్ చేయాల్సిన తేదీ రాసి మేడమ్ టేబుల్ మీద పెట్టి వచ్చాను.