బగ్ పోయినా డాక్యుమెంటేషన్‌లో మిగిలిపోతే: సమస్య - పరిష్కారం

కోడ్ సరిచేసి టికెట్ (బగ్‌ను నమోదు చేసిన ఎంట్రీ) మూసేసినా, డాక్యుమెంటేషన్ పాత ప్రవర్తననే చెబుతుంటే వాడేవారికి ఆ బగ్ ఇంకా ఉన్నట్టే. ఎక్కడ తప్పుతోందో, ఎలా సరిచేయాలో చూద్దాం.

సమస్య: పాత వర్క్‌అరౌండ్ (బగ్‌ను తప్పించుకునే తాత్కాలిక చిట్కా) పేజీల్లో అలాగే ఉంది

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒక ఫంక్షన్ సమయాన్ని గంట వెనక్కి చూపిస్తోందనుకోండి. "పంపే ముందు ఒక గంట కలపండి" అని గైడ్‌లో రాశారు. బగ్ సరిచేశాక కూడా ఆ మాట చదివి గంట కలిపితే డేటా ఈసారి గంట ముందుకు పోతుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరూ గమనించరు.

కారణం: ఫిక్స్ చేసినవారు టికెట్‌లో పేర్కొన్న పేజీ ఒక్కటే మారుస్తారు. అదే చిట్కా ఇన్‌స్టలేషన్ గైడ్‌లో, తరచూ అడిగే ప్రశ్నల్లో, డాక్‌స్ట్రింగ్‌లో (కోడ్ లోపలే రాసే వివరణ), కమాండ్ హెల్ప్‌లో, ఒక్కోసారి ఎర్రర్ మెసేజ్‌లో కూడా ఉంటుంది.

పరిష్కారం: డాక్యుమెంట్ల ఫోల్డర్‌తో ఆగకుండా రిపాజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) మొత్తం, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోని వెతికే కమాండ్ గిట్ గ్రెప్ (git grep)తో వెతకండి. టికెట్ నంబరు ఒక్కటే చాలదు, వర్క్‌అరౌండ్ రాసేవారు దాన్ని చాలాసార్లు రాయరు. ఫంక్షన్ పేరు, సెట్టింగ్ పేరు, ఎర్రర్ మెసేజ్‌లోని మాటలు విడివిడిగా వెతకాలి. దొరికినవాటిని వెంటనే చెరిపేయకండి, పాత వెర్షన్ వాడేవారికి అవి ఇంకా అవసరం. హద్దు రాయండి: "2.3 వరకే వర్తిస్తుంది. 2.4కి మారగానే కలిపిన గంటను మీ కోడ్‌లోంచి తీసేయండి." రెండో వాక్యం తప్పనిసరి. చాలా పేజీల్లో లేనిది అదే.

సమస్య: "2.4లో సరిచేశాం" అని రాసినా 2.4లో బగ్ వస్తోంది

కారణం: వెర్షన్ నంబరును మెర్జ్ (ఫిక్స్‌ను ప్రధాన కోడ్‌లో కలపడం) రోజున ఊహించి రాశారు. రిలీజ్ బ్రాంచ్ (విడుదల కోసం విడిగా తీసిన కోడ్ శాఖ) అప్పటికే విడిపోయింది, ఫిక్స్ అందులోకి వెళ్లలేదు.

పరిష్కారం: గిట్ ట్యాగ్ కమాండ్‌కు కంటెయిన్స్ ఆప్షన్‌తో (git tag --contains) ఫిక్స్ కమిట్ హ్యాష్ (ఆ మార్పును గుర్తించే కోడ్) ఇస్తే, అది ఏయే రిలీజుల్లో ఉందో చూపిస్తుంది. ఇక్కడొక చిక్కుంది. చెర్రీ-పిక్‌తో (ఒక కమిట్‌ను మరో బ్రాంచ్‌లోకి కాపీ చేసే కమాండ్) పాత బ్రాంచ్‌కి తీసుకెళ్తే కమిట్‌కు కొత్త హ్యాష్ వస్తుంది, కాబట్టి ఆ రిలీజ్ జాబితాలో కనిపించదు. చెర్రీ-పిక్ చేసేటప్పుడు ఎక్స్ (-x) ఆప్షన్ వాడితే అసలు హ్యాష్ మెసేజ్‌లో నమోదవుతుంది. తర్వాత గిట్ లాగ్‌లో అన్ని బ్రాంచ్‌లలో దానికోసం వెతకొచ్చు. రిలీజ్‌కు ట్యాగ్ (వెర్షన్ గుర్తు) పడేదాకా పేజీలో "తర్వాతి రిలీజ్" అనే ఉంచండి.

సమస్య: ఉదాహరణ నడిపితే వేరే ఫలితం వస్తోంది

కారణం: అవుట్‌పుట్‌ను ఎప్పుడో చేత్తో కాపీ చేసి పెట్టారు.

పరిష్కారం: పైథాన్‌లో అయితే డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ ఉదాహరణలను నడిపి ఫలితాన్ని పోల్చి చూస్తుంది. దాన్ని ప్రతి బిల్డ్‌లో పెట్టండి. చుట్టూ ఉన్న వివరణను, స్క్రీన్‌షాట్లను అది పట్టించుకోదు, అవి మనిషే చూడాలి.

సమస్య: మూలం మారింది, అనువాదం పాతదే

గెట్‌టెక్స్ట్ (అనువాదాలను వాక్యాలవారీగా నిర్వహించే సాధనం) వాడితే ప్రమాదం తక్కువ. మూలవాక్యం కాస్త మారినప్పుడు దాని msgmerge కమాండ్ పాత అనువాదానికి "ఫజీ" (మళ్లీ సరిచూడాలి అనే) గుర్తు పెడుతుంది. అలాంటివి మామూలుగా కంపైల్‌లో చేరవు, చదివేవారికి మూలవాక్యమే కనిపిస్తుంది. అనువాదాలు విడి మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఉంటే ఈ రక్షణ ఉండదు. ప్రతి ఫైల్ పైన, ఏ కమిట్ నాటి మూలం నుంచి అనువదించారో ఆ హ్యాష్ రాయండి. ఆ కమిట్ నుంచి ఇప్పటివరకు మూలంలో వచ్చిన తేడాను గిట్ డిఫ్ చూపిస్తుంది.

సమస్య: ప్రతి ఫిక్స్ తర్వాతా ఇదే తిరగబెడుతోంది

కారణం: డాక్యుమెంట్ మార్పుకు వేరే టికెట్ తెరిచి "తర్వాత చూద్దాం" అనుకోవడం.

పరిష్కారం: కోడ్, టెస్ట్, డాక్యుమెంట్, చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) నాలుగూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులను కలపమని పంపే అభ్యర్థన) రావాలి. దాని టెంప్లేట్‌లో "డాక్యుమెంట్ మార్చారా?" అని అడిగితే అలవాటుగా టిక్ పెట్టేస్తారు. "ఏ మాటలతో వెతికారు, ఏ ఫైళ్లలో దొరికాయి?" అని అడగండి. రివ్యూ చేసేవారు అవే మాటలతో మరోసారి వెతికి చూశాకే మెర్జ్ చేయాలి.