కోళ్లలో లైవ్ కాక్సి టీకా పరీక్ష – 5వ పాఠం: కంట్రోల్ గుంపు, చాలెంజ్

కాక్సి అంటే కాక్సిడియోసిస్, కోళ్ల పేగు జబ్బు. పోయిన పాఠంలో రెట్ట తెచ్చి, ఉప్పునీళ్లలో తేల్చి, మెక్‌మాస్టర్ పలక (లెక్కపెట్టే గాజుపలక) గదుల్లో ఊసిస్టులు, అంటే ఆ జబ్బు క్రిమి గుడ్లు, లెక్కపెట్టడం నేర్చుకున్నాం. 3 గ్రాముల రెట్ట, 42 మిల్లీలీటర్ల నీళ్లు, రెండు గదులూ చూస్తే వచ్చిన అంకెను 50తో గుణించడం. ఈ లెక్క అందరికీ బాగానే కుదిరింది. ఆ తర్వాత జరిగిందే బాధగా ఉంది. పొదిలి, కనిగిరి వైపు నుంచీ, ఇటు బుచ్చిరెడ్డిపాలెం నుంచీ ఒకటే మాట: "టీకా వేసిన పిల్లల రెట్టలో వారానికే ఊసిస్టులు వేలల్లో ఉన్నాయి సార్. టీకా పని చెయ్యలేదని నీళ్లలో కాక్సి మందు ఆంప్రోలియం కలిపేశాం."

ఈ సంగతి తేల్చకుండా చాలెంజ్ పరీక్షలోకి వెళ్లలేం.

ఈ టీకా సీసాలో ఉన్నవి బతికున్న ఐమీరియా (కాక్సి తెచ్చే క్రిమి) ఊసిస్టులే. పిల్ల మింగాక పేగు గోడలోకి దూరి, పెరిగి, జాతిని బట్టి నాలుగు నుంచి ఆరేడు రోజుల్లో కొత్త ఊసిస్టులుగా రెట్టలో పడతాయి. ఊకలో కాస్త తేమ, గాలి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికి వస్తాయి. పిల్ల ఊకను గీరుతూ వాటినే మళ్లీ తింటుంది. ఇలా రెండు మూడు తిప్పులు తిరిగితేనే ఒంట్లో గట్టి రక్షణ ఏర్పడుతుంది. అందుకే మొదటి రోజు టీకా వేసిన గుంపులో వారం నాటికి ఊసిస్టులు కనిపించాలి, రెండు మూడు వారాల్లో ఇంకా పెరగాలి, నాలుగో వారం దాటాక తగ్గుముఖం పట్టాలి. మీరు చూసిన వేలు టీకా పని మొదలుపెట్టిన గుర్తు. ఆంప్రోలియం ఆ క్రిమికి థయమిన్ (బి1 విటమిన్) అందకుండా చేస్తుంది, ముఖ్యంగా పేగులో మొదటి తరం పెరిగే దశలోనే దెబ్బ కొడుతుంది. మీరు డబ్బు పెట్టి వేసిన టీకాను మీ చేతులతోనే ఆపేశారు. ఆ బ్యాచ్‌ను పరీక్ష లెక్కలోంచి తీసేయండి, దాన్ని కాపాడే మార్గం లేదు.

మందు ఎప్పుడు పెట్టాలి? రెట్టలో రక్తం కనిపిస్తూ, పిల్లలు ఈకలు ఉబ్బించుకుని మూల చేరి, చావులు రోజురోజుకీ పెరుగుతుంటే వెంటనే డాక్టరుగారిని పిలిచి పెట్టాలి. అంకె ఒక్కటే చూసి పెట్టకూడదు.

అసలు సున్నా వచ్చినవాళ్లే నిజంగా భయపడాలి. ముందు దాణా బస్తా మీద చీటీ చదవండి. స్టార్టర్ దాణాలో సాలినోమైసిన్ లాంటి కాక్సి మందు కలిపి ఉంటే టీకా వేసినా వేయనట్టే. తర్వాత ఫ్రిజ్ చూడండి. ఈ టీకాకు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, గడ్డకడితే ఊసిస్టులు చస్తాయి. లసోటా (రాణికేట్ టీకా) సీసాను ఐసు గడ్డల మధ్య పెట్టి తెచ్చే అలవాటు దీనికి పనికిరాదు. మూడోది, ఊసిస్టులు బరువు, నిమిషాల్లో అడుక్కు దిగిపోతాయి. సీసాను కాసేపు కదపకుండా వెలుతురుకు ఎత్తి చూడండి, అడుగున తెల్లని పొర కనిపిస్తుంది. మందంతా ఆ పొరలోనే ఉంది. కలపకుండా పోస్తే సగం పిల్లలకు అందేది ఉత్త నీళ్లే. ఇక మన దగ్గర మే ఎండల్లో ఊక పిండిలా ఎండిపోతే ఊసిస్టులు పక్వానికి రావు, తిప్పు ఆగిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఊక ముద్దయితే తిప్పు మరీ జోరందుకుని టీకానే జబ్బు తెచ్చిపెడుతుంది. గుప్పెట్లో పిసికితే కొద్దిగా అంటుకుని, వదలగానే విడిపోవాలి. నాకు తేమ మీటర్ల కన్నా ఈ గుప్పెడు పరీక్ష మీదే నమ్మకం.

ఇప్పుడు చాలెంజ్. రోగం తెప్పించే ఊసిస్టులు లెక్కగా తాగించి, టీకా ఎంత కాపాడిందో చూడటమే చాలెంజ్. దీన్ని మీ షెడ్డులో చేయకండి. కళాశాలలోనో పరిశోధన ల్యాబులోనో, జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతితోనే చేయాలి. ఫారంలో ఉన్నవాళ్లు కూడా పాఠం చదవండి, రేపు ఎవరైనా టీకా అమ్మడానికి వచ్చి పరీక్ష కాగితాలు చూపిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

గుంపులు నాలుగు. టీకా లేదు, చాలెంజ్ లేదు. టీకా లేదు, చాలెంజ్ ఉంది. టీకా ఉంది, చాలెంజ్ లేదు. టీకా, చాలెంజ్ రెండూ ఉన్నాయి. పిల్లల్ని తూచడం, రెక్కకు నంబరు వేయడం, గొంతులోంచి క్రాప్‌లోకి (మెడ కింది దాణా సంచిలోకి) మెత్తటి గొట్టంతో పోయడం మీకు వచ్చినవే. చాలెంజ్ నాలుగో వారంలో. జాతులు ఏవో ముందే రాసుకోండి. కోళ్లలో ఐమీరియా ప్రధానంగా 7 జాతులు, ఒకదానికి వేసిన టీకా ఇంకొకదాన్ని ఆపదు. టెనెల్లా టీకా వేసి మాక్సిమాతో చాలెంజ్ చేసి ఫెయిల్ అనడం అన్యాయం.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది టీకా వేయని గుంపును, అంటే కంట్రోల్‌ను, కాపాడుకోలేకపోవడం. ఆ పిల్లలు నాలుగు వారాలూ కాక్సి ముఖం చూడకూడదు. చూస్తే వాటికీ రక్షణ వచ్చేస్తుంది. చాలెంజ్‌లో అవీ బాగానే ఉంటాయి, టీకా వేసినవీ బాగానే ఉంటాయి, మీకు తేడా కనపడదు. "పక్క గదిలోనే పెట్టాం సార్" అంటారు. పక్క గది చాలదు. టీకా గదిలో తొక్కిన చెప్పులతో కంట్రోల్ గదిలోకి వెళితే ఊసిస్టులూ వెళ్లాయి. ఒకటే దాణా చెంబు రెండు గదుల్లో తిరిగితే వెళ్లాయి. ఈగలు, ఊకలో తిరిగే నల్ల పురుగులు మోసుకెళతాయి. ఊడ్చేటప్పుడు లేచే దుమ్ములో వెళతాయి. "బ్లీచింగ్ చల్లాం" అంటారు. ల్యాబుల్లో ఊసిస్టుల మీదున్న బ్యాక్టీరియాను పోగొట్టడానికి ఆ బ్లీచ్ ద్రావణంతోనే వాటిని కడుగుతారు, ఊసిస్టులకు ఏమీ కాదు. ఫినాయిలూ అంతే. వాటిని చంపేది వేడి, అమ్మోనియా. కాబట్టి కంట్రోల్ పిల్లల్ని ఊక మీద కాకుండా తీగ అడుగున్న బోనుల్లో పెంచండి. బోనులు ముందుగా మంటతో కాల్చండి. వాటికి వేరే చెప్పులు, వేరే చెంబు, వీలైతే వేరే మనిషి. ఒక్కడే మనిషైతే పొద్దున్నే స్నానం చేసి ముందు కంట్రోల్ గది, తర్వాతే టీకా గది. మధ్యాహ్నం ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్లడం ఉండకూడదు. వారానికి రెండుసార్లు కంట్రోల్ రెట్ట లెక్కపెట్టండి. ఒక్క ఊసిస్టు కనిపించినా ఆ పరీక్ష రద్దు. మనసు ఒప్పుకోకపోయినా రద్దే.

చాలెంజ్ ఇచ్చిన ఆరో రోజు కోసి పేగు చూస్తాం. 1970లో జాన్సన్, రీడ్ ఇచ్చిన 0 నుంచి 4 మార్కుల పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు. టెనెల్లాకు సీకంలు (పేగు చివర ఉండే రెండు గుడ్డి తిత్తులు) చూడండి. గోడ మీద అక్కడక్కడా ఎర్రచుక్కలుంటే 1. చుక్కలు ఎక్కువై, లోపల కొద్దిగా రక్తం కనిపిస్తే 2. గోడ దళసరెక్కి, రక్తమో గడ్డలో నిండి, మామూలు మలం దాదాపు లేకపోతే 3. సీకం రక్తంతోనో జున్నుముక్క లాంటి గడ్డతోనో ఉబ్బిపోతే 4. కాక్సితో చచ్చిన పిల్లకు 4. ఎసర్వులినాకు పైపేగులో నిచ్చెన మెట్లలా అడ్డంగా తెల్లగీతలు, మాక్సిమాకు నడిమి పేగులో నారింజరంగు జిగురు.

ఒక జాగ్రత్త. టీకా వేసిన పిల్లల్లో, ముఖ్యంగా ఎసర్వులినా, మాక్సిమా విషయంలో, పేగు మీద 1, 2 మార్కులు కనిపిస్తున్నా బరువు ఏమాత్రం తగ్గకపోవచ్చు. అందుకే నేను ముందు తూకం చూస్తాను. చాలెంజ్ నుంచి ఆరో రోజుదాకా ఆరోగ్యంగా ఉన్న కంట్రోల్ 480 గ్రాములు పెరిగిందనుకుందాం, టీకా లేకుండా చాలెంజ్ తిన్నది 300, టీకా వేసి చాలెంజ్ తిన్నది 450. జబ్బు తినేసింది 180, టీకా నిలబెట్టింది 150. అంటే 83 శాతం. టీకా వేసి చాలెంజ్ ఇవ్వని గుంపు పెరుగుదల కూడా పక్కనే రాయండి, టీకా తనంతట తాను ఎంత బరువు తగ్గించిందో అక్కడ తెలుస్తుంది. అమ్మేవాళ్ల కాగితాల్లో ఈ గడి ఉందో లేదో తప్పకుండా చూడండి.

అభ్యాసం. టీకా వేసిన ఒక ఫారం ఎంచుకుని, 5వ రోజు నుంచి 35వ రోజు దాకా మూడు రోజులకోసారి రెట్ట లెక్కపెట్టి గ్రాఫు గీయండి. ప్రతిసారీ షెడ్డులో కనీసం పది చోట్ల నుంచి తాజా రెట్ట తీసి కలపాలి. తేల్చే నీళ్లకు ఇసకపల్లి కల్లుప్పు చాలు, లీటరుకు 360 గ్రాముల పైనే, అడుగున కరగకుండా కొంత మిగిలేదాకా వేడిచేస్తూ పోసి, గుడ్డలో వడకట్టుకోండి. పక్కనే రోజువారీ చావులు, ఊక తేమ, వాన పడిన రోజులు రాయండి. 21వ రోజున చచ్చిన పిల్లలు ఏవైనా ఉంటే ఒకరు పేగులు తీసి నంబర్లు వేయాలి, ఆ నంబర్లు తెలియని ఇంకొకరు మార్కులు వేయాలి. ఇద్దరి రాతలూ, మధ్యలో వాడిన ప్రతి మందు పేరూ తారీఖుతో సహా, వచ్చే పాఠానికి సిద్ధంగా పెట్టుకోండి.