ఇంట్లో ఉన్న పుస్తకమే మళ్లీ కొనకుండా

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే "ఇది ఇంట్లో ఉందా, లేదా?" అనే అనుమానం నాకు ఎప్పుడూ ఉండేదే. ఒకే నవల 3 కాపీలు పోగయ్యాక ఇలా మొదలుపెట్టాను.

బయల్దేరే ముందు బీరువాలో ఒక్కో అరకీ ఒక ఫొటో తీసుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, పుస్తకం వీపు మీద పేరు చదవగలిగేంత దగ్గరగా తీయాలి. 6 అరలకి 5 నిమిషాలు పట్టదు. రెండు వరసలుగా పేర్చి ఉంటే ముందు వరస పక్కన పెట్టి వెనకదీ తీయాలి (నేను మర్చిపోయేవన్నీ ఆ వెనక వరసలోవే). అన్నీ ‘బీరువా’ అని ఒక ఆల్బమ్‌లో వేసుకుంటే బేరం ఆడుతూనే చూసుకోవచ్చు.

పిన్ను కొట్టిన పల్చటి పుస్తకాలకి మాత్రం ఇది పనికిరాదు, వాటి వీపు మీద పేరుండదు. వాటిని పదేసి చొప్పున నేల మీద పరిచి, అట్టలు కనబడేలా తీస్తాను. ఎవరికైనా చదవడానికి ఇచ్చినవీ ఫొటోలో ఉండవు. ఆ పేర్లు ఒక చీటీ మీద రాసి, దాన్ని కూడా ఫొటో తీసి అదే ఆల్బమ్‌లో పెట్టుకోండి.