సంక్రాంతికి ఊరెళ్తున్నారా? బండికి సీక్రెట్ స్విచ్ పెట్టించే ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, తాళం వేసిన ఇళ్ల ముందు, రైల్వే స్టేషన్ స్టాండుల్లో బళ్లు నాలుగైదు రోజులు కదలకుండా నిలబడతాయి. బండి పోయినా మనకు తెలిసేది తిరిగొచ్చాకే. మూడేళ్ల క్రితం మా తమ్ముడి బండి అలాగే పోయింది. ముక్కనుమ నాడు వచ్చి చూస్తే సెల్లార్లో దాని జాగా ఖాళీగా ఉంది. హ్యాండిల్ లాక్ వేసే వెళ్లాడు పాపం. అప్పటికి ఇంకా 14 నెలల ఈఎంఐ మిగిలి ఉంది. కళ్ల ముందు లేని బండికి నెలనెలా డబ్బు కట్టడం ఎంత కష్టంగా ఉంటుందో ఆ ఏడాది మా ఇంట్లో చూశాను. ఆ తర్వాత మా ఇంటి బళ్లన్నిటికీ సీక్రెట్ స్విచ్ పెట్టించాను. మొదటిసారి తప్పుగా పెట్టించి మళ్లీ చేయించుకోవాల్సి వచ్చింది. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను.

ముందు ఈ స్విచ్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకోవాలి. ఇంజన్ నడవడానికి అవసరమైన ఒక సర్క్యూట్‌ను మనకు మాత్రమే తెలిసిన చోట నుంచి ఆపేయడమే దీని పని. దొంగ తాళం పగలగొట్టినా, మారు తాళం చెవి తెచ్చినా ఇంజన్ అందుకోదు. నాలుగైదు సార్లు ప్రయత్నించి, బండి రిపేర్‌లో ఉందనుకుని వదిలేసే అవకాశం ఎక్కువ. కానీ నలుగురు కలిసి బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించుకుపోతే ఏ స్విచ్చూ ఆపలేదు. కాబట్టి ఊరెళ్లేటప్పుడు స్విచ్‌తో పాటు చక్రంలోంచి గొలుసు వేసి స్తంభానికో గ్రిల్‌కో కట్టాల్సిందే.

ఏ వైరు మీద స్విచ్ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం. కొంతమంది మెకానిక్‌లు పని తేలికని సెల్ఫ్ మోటార్ వైరుకు స్విచ్ పెట్టేస్తారు. మా మొదటి బండికి జరిగింది అదే. సెల్ఫ్ పనిచేయకపోతే కిక్ కొడతారు, కిక్ లేని బండినైతే తోసి గేర్‌లో వేసి స్టార్ట్ చేస్తారు. అంటే ఆ స్విచ్ వల్ల మనకు ఒరిగేదేమీ లేదు. సెల్ఫ్ మామూలుగా తిరగాలి, ఇంజన్ మాత్రం అందుకోకూడదు. అప్పుడే చూసేవాళ్లకు అది రిపేర్‌లా కనిపిస్తుంది.

కార్బురేటర్ ఉన్న పాత బళ్లలో సీడీఐ అనే చిన్న డబ్బా స్పార్క్‌ను నడిపిస్తుంది. వాటిలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో సీడీఐ నుంచి వచ్చే ఒక వైరును ఎర్త్ చేస్తే, అంటే బండి బాడీకి కలిపితే ఇంజన్ ఆగుతుంది. రెండో రకంలో సీడీఐకి వెళ్లే కరెంటు తెంపితే ఆగుతుంది. మొదటి రకానికి రెండో రకం పద్ధతిలో స్విచ్ పెడితే అసలు పనిచేయదు. మీ బండి వైరింగ్ డయాగ్రమ్ చూసి అది ఏ రకమో చెప్పగలిగే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్లండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో చాలావరకు పెట్రోల్ ఇంజెక్షన్ ఉంటుంది. వీటిలో పెట్రోల్ పంపు, అంటే ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోల్ అందించే చిన్న మోటారు కరెంటును ఆపడం మేలు. ఈసీయూకి (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) వచ్చే మెయిన్ కరెంటును, బ్రేకులకు సంబంధించిన ఏబీఎస్ వైర్లను, కారులో అయితే ఎయిర్‌బ్యాగ్‌ల పసుపు కప్లర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టనివ్వకండి.

దొంగ భయం కంటే నాకు ఎక్కువ భయం వేసే సంగతి ఇంకొకటి ఉంది. కరెంటు తెంపే పద్ధతిలో పెట్టిన స్విచ్ వదులైతే బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. హైవే మీద వెనక లారీ వస్తుండగా ఇంజన్ ఆగిపోతే ఎలా ఉంటుందో ఊహించండి. కారులో అయితే ఇంకా కష్టం, ఇంజన్‌తో పాటు స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేక్ గట్టిపడుతుంది. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టేస్తే ఎండాకాలం వేడికి జిగురు కరిగి టేపు జారిపోతుంది, గుంతల్లో ఎగిరెగిరి కనెక్షన్ వదులవుతుంది. సోల్డరింగ్ చేసి, వేడికి బిగుసుకునే స్లీవ్ తొడగమని అడగండి. కొత్త వైరు కూడా అంతే మందంగా ఉండాలి. దాని మీద నల్ల స్లీవ్ వేసి పాత వైర్ల గుత్తిలో కలిపేస్తే చూడగానే కంటపడదు. స్విచ్ ఒకసారి నొక్కితే టక్కున నిలిచే రకం, నీళ్లు చొరబడనిది తీసుకోండి. వంద రూపాయలు మిగుల్చుకోవాల్సిన చోటు ఇది కాదు.

పెట్రోల్ పంపు కరెంటు మొత్తాన్ని చిన్న స్విచ్ గుండా పంపకూడదు, అది వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంపే డబ్బా) పెట్టి, స్విచ్‌తో ఆ రిలేను మాత్రం నడిపించాలి. అయితే బండి ఆగి ఉన్నంతసేపూ రిలే కరెంటు తాగుతూ ఉండేలా వైరింగ్ చేస్తే పండగ పూట చిక్కే. మామూలు రిలే సుమారు 0.15 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు. చిన్న బళ్ల బ్యాటరీలు చాలావరకు 3 నుంచి 5 ఆంపియర్ అవర్లవే. ఒకటి రెండు రోజుల్లో బ్యాటరీ చచ్చిపోతుంది. తాళం తిప్పి ఆన్ చేసినప్పుడు మాత్రమే రిలేకు కరెంటు అందేలా పెట్టించండి. ఈ ఒక్క మాట ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా చెప్పాలి.

స్విచ్ ఎక్కడ పెట్టాలి? మా బళ్లలో ఎక్కడుందో ఇక్కడ రాయను, మీరూ ఎవరికీ చెప్పకండి. సీటు కింద బ్యాటరీ పక్కన, హెడ్‌లైట్ డూమ్ లోపల, తాళం దగ్గర వద్దు, వెతికేవాళ్లు ముందు చూసేది అక్కడే. సైలెన్సర్ వేడి, వాన నీళ్లు తగలని చోటు కావాలి. బండి మీద కూర్చుని, చూడకుండానే చేతికి అందాలి. లేకపోతే నాలుగు రోజులు వాడి ఐదో రోజు నుంచి బద్ధకిస్తాం. అసలు బటనే కనిపించకూడదనుకుంటే రీడ్ స్విచ్ ఉంది. అయస్కాంతం దగ్గర పెడితే కలిసే చిన్న గాజు గొట్టం అది. ప్లాస్టిక్ ప్యానెల్ వెనక అతికిస్తే బయటకు ఏమీ కనిపించదు. అది మోయగలిగే కరెంటు తక్కువ కాబట్టి దానికి రిలే తప్పనిసరి.

ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఇది నేర్పండి. అర్ధరాత్రి ఎవరికో ఒంట్లో బాగోక ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే, స్విచ్ సంగతి తెలియని నాన్నగారు చీకట్లో కిక్ కొడుతూ నిలబడకూడదు కదా. బండి సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం స్విచ్ ఆన్‌లో, అంటే ఇంజన్ మామూలుగా నడిచేలా ఉంచి ఇచ్చేయండి, చెప్పాల్సిన అవసరం రాదు.

వారంటీ ఉన్న కొత్త బండి వైరింగ్ కోయించే ముందు షోరూమ్‌లో రాతపూర్వకంగా అడగడం మంచిది. తర్వాత ఎలక్ట్రికల్ పార్టులు పాడైతే వారంటీ ఇవ్వమనవచ్చు. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీలు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన సొంత బండి నష్టానికి కట్టే భాగంలో కొంత తగ్గింపు ఇస్తుంటాయి. మనం సొంతంగా పెట్టించుకున్న స్విచ్‌కు అది వర్తించదు. అంతకంటే ముఖ్యం, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే బండి పోయినప్పుడు ఒక్క రూపాయి కూడా రాదు. పండక్కి ముందు పాలసీ కాగితం తీసి ఒకసారి చదవండి.

కారు నాలుగు రోజులు ఆగి ఉండేదైతే వైరింగ్ జోలికి వెళ్లకుండానే ఒక ఉపాయం ఉంది. ఓనర్స్ మాన్యువల్‌లో పెట్రోల్ పంపు ఫ్యూజు లేదా రిలే ఎక్కడుందో చూసి, దాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి. అలాంటి రిలేలు అదే పెట్టెలో వేరే పనులకూ ఉంటాయి కాబట్టి తెలిసిన దొంగను ఇది పూర్తిగా ఆపదు. ఖర్చు లేని అదనపు అడ్డు, అంతే. కార్బురేటర్ బండికి పెట్రోల్ కాక్ కట్టేయడం కూడా అలాంటిదే. కార్బురేటర్లో మిగిలిన పెట్రోల్‌తో కొంత దూరం పోయి ఆగిపోతుంది.

అమెరికాలో చదువుకుంటూ సెకండ్ హ్యాండ్ కారు కొనే మన పిల్లలకూ ఒక మాట. అక్కడ 2011 నుంచి 2021 వరకు వచ్చిన చాలా కియా, హ్యుందాయ్ మోడళ్లలో, తాళం తిప్పి స్టార్ట్ చేసే రకాలకు ఇమ్మొబిలైజర్ (అసలు తాళం చెవి కాకపోతే ఇంజన్‌ను అందుకోనివ్వని ఎలక్ట్రానిక్ ఏర్పాటు) లేదు. 2021లో మిల్వాకీ నగరంలో వాటి దొంగతనాలు విపరీతంగా పెరిగాయి, 2022లో వీడియోల ద్వారా దేశమంతా పాకాయి. 2023 ఫిబ్రవరి నుంచి కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇస్తున్నాయి. కొనబోయే కారుకు ఆ అప్‌డేట్ అయిందో లేదో వీఐఎన్ నంబరుతో (కారు గుర్తింపు నంబరు) డీలర్‌ను అడిగి తెలుసుకోండి.

ఇక బయల్దేరే రోజు పనులు. బండిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కూడా ఫోన్‌లో ఉండాలి. ఒరిజినల్ ఆర్సీ బండి డిక్కీలో వదలకండి, డిజీలాకర్‌లో ఉంటే చాలు. రెండు తాళం చెవులూ మీ దగ్గరే జాగ్రత్తగా ఉంచుకోండి, క్లెయిమ్ వేళ ఇన్సూరెన్స్ వాళ్లు రెండూ అడుగుతారు. ఒకవేళ బండి పోయిందని తెలిస్తే ముందు 112కు ఫోన్ చేసి, వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ పోలీస్ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఊళ్లో ఉన్నా ఆన్‌లైన్‌లో పంపవచ్చు, కానీ 3 రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. చివరగా, స్విచ్ ఆఫ్ చేసి, ఒకసారి సెల్ఫ్ కొట్టి బండి అందుకోవడం లేదని, లేదా అందుకున్నా కొద్దిసేపటికే ఆగిపోతోందని చూసుకున్నాకే గొలుసు వేయండి.