డైనో ట్యూనింగ్ తర్వాత మైలేజీ పడిపోయిందా? మ్యాప్ ముట్టుకోకముందు బెండ్ పైప్ చూడండి

డైనో (బండిని రోలర్ మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద గ్రాఫ్ బ్రహ్మాండంగా వచ్చింది, రోడ్డు మీద బండి మాత్రం పెట్రోల్ తాగేస్తోంది. నెలకు ఇద్దరు ముగ్గురైనా ఈ గోడుతో షెడ్డుకి వస్తారు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, మ్యాప్ ఒకసారి మళ్లీ చూడవా?" మ్యాప్ అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో బండిలోని కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, చెప్పే పట్టిక. చూస్తాను, కానీ చివర్లో.

ముందు ఇవి చూడండి

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో గట్టిగా తిప్పండి. ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగిపోతే బ్రేక్ పట్టేసింది, లేదంటే చైన్ మరీ టైట్‌గా ఉంది. ముందు చక్రం కూడా లేపి చూడండి. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, వాల్వ్ క్లియరెన్స్ ఎలా చూడాలో మీకు తెలుసు. తెలిసీ చూడరు, అదే నా బాధ. మన హైదరాబాద్‌లో ఏదో ఒక ఫ్లైఓవర్ పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఆ దుమ్ములో తిరిగే బండికి సర్వీస్ బుక్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు.

ఇంకో మాట. మైలేజీ ఎలా లెక్కపెట్టారు? మీటర్‌లో చూసి చెబితే నేను నమ్మను. ఇంజెక్టర్ ఎంతసేపు తెరవమని ఈసీయూ చెప్పిందో, దాన్ని బట్టే మీటర్ లెక్క వేస్తుంది. మధ్యలో పిగ్గీబ్యాక్ బాక్స్ (ఈసీయూ ఇంజెక్టర్‌కి పంపే సంకేతాన్ని మార్చే చిన్న పెట్టె) పెట్టి పెట్రోల్ పెంచితే ఆ సంగతి ఈసీయూకి తెలియదు. మీటర్ 35 చూపిస్తుంటే ట్యాంకు 28 లెక్కన ఖాళీ అవుతుంది. ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి, 200 కిలోమీటర్లయినా తిరిగి, మళ్లీ అక్కడే ఫుల్ చేయించి లెక్కపెట్టండి.

అసలు దొంగ

లక్షణాలు ఇలా ఉంటాయి. డైనో మీద తక్కువ థ్రాటిల్‌లో, 2500 నుంచి 4000 ఆర్‌పీఎం మధ్య ఏఎఫ్ఆర్ (పెట్రోల్‌కి ఎన్ని రెట్లు గాలి ఉందో చెప్పే అంకె, ఎగ్జాస్ట్‌లో పెట్టిన సెన్సర్ కొలుస్తుంది) 16 పైన, అంటే లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) చూపిస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం రీడింగ్ మామూలుగానే ఉంటుంది. థ్రాటిల్ వదలగానే సైలెన్సర్‌లో టప్ టప్ మంటుంది. ట్యూనర్ పెట్రోల్ పెంచుతాడు, స్క్రీన్ మీద అంకె సరైపోతుంది. వారం తిరిగేసరికి ప్లగ్ మసి పట్టి, మైలేజీ పడిపోతుంది. ఏఎఫ్ఆర్ మీటరేమో లీన్ అంది, ప్లగ్ చూస్తే రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అంటోంది. రెండూ ఎదురెదురుగా ఉంటే ప్లగ్ మాటే నమ్మండి.

కారణం: ఇంజన్ హెడ్‌కీ బెండ్ పైప్‌కీ (హెడ్ నుంచి సైలెన్సర్‌కి పోయే వంపు పైపు) మధ్య ఉండే గాస్కెట్ లీకు. లీకంటే పొగ బయటికి రావడమే అనుకుంటాం. ఇక్కడ నష్టం చేసేది లోపలికి దూరే గాలి. సింగిల్ సిలిండర్ ఇంజన్ ఎగ్జాస్ట్‌ని ధారగా కాదు, ఒక్కో దెబ్బగా వదులుతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువకి పడిపోయి, ఆ సందులోంచి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ పసిగట్టేది ఆక్సిజన్‌ని. అది సిలిండర్‌లో కాలకుండా మిగిలిందా, బయటి నుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. తక్కువ థ్రాటిల్‌లో ఎగ్జాస్టే కొంచెం కాబట్టి ఆ కాస్త గాలికే రీడింగ్ మారిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఎగ్జాస్ట్ ఎక్కువ, అందులో ఆ గాలి లెక్కలోకి రాదు. రోజూ ఆఫీసుకి పోయేది తక్కువ థ్రాటిల్‌లోనే కదా, దెబ్బ పడేదీ అక్కడే.

దీనితో నేనే దెబ్బతిన్నాను. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ తిరిగే ఒక కుర్రాడి 350 సీసీ బండి. తక్కువ థ్రాటిల్‌లో లీన్ ఉందని కొన్నిచోట్ల 18 శాతం దాకా పెట్రోల్ పెంచాను. గ్రాఫ్ ప్రింట్ చేసి ఇస్తే మురిసిపోయాడు. పది రోజులకి తిరిగొచ్చాడు, 34 ఇచ్చే బండి 27కి దిగింది. పెట్రోల్‌ని తిట్టాను, ఇంజెక్టర్ కడిగించాను, ఏఎఫ్ఆర్ కొలిచే నా వైడ్‌బ్యాండ్ సెన్సర్ కూడా కొత్తది వేశాను. మూడోసారి బండిని రాత్రి షెడ్డులోనే వదిలి వెళ్లాడు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని శబ్దం, రెండు నిమిషాల్లో మాయం. అతను అంతకుముందే చెప్పాడు, నేనే టాపెట్ శబ్దమని కొట్టిపారేశాను. వేరే చోట సైలెన్సర్ మార్పించినప్పుడు పాత గాస్కెట్‌నే మళ్లీ వేసి బిగించారట. వేడెక్కాక లోహం సాగి సందు కొంత మూసుకుంటుంది, శబ్దం ఆగుతుంది. లీకు మాత్రం అలాగే ఉంటుంది.

ఎలా పట్టుకోవాలి? పైపు జాయింట్ దగ్గర నల్లటి మసి చార ఉందా చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ చివర రెండు మూడు సెకన్లు అదిమితే లీకున్న చోట బుస్ మంటుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఇంజన్ ఆపి, వ్యాక్యూమ్ క్లీనర్‌ని ఊదే వైపు పెట్టి సైలెన్సర్‌లోకి గాలి ఊది, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు వచ్చిన చోటే లీకు. సెన్సర్ బిగించిన బంగ్ (మరలున్న గూడు), సైలెన్సర్ క్లాంప్ కూడా వదలొద్దు.

గాస్కెట్ కొత్తదే వేయండి. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. పుత్లీబౌలిలో చాయ్ ఖర్చుకి కాస్త అటూ ఇటూగా దొరికే వస్తువుకి పిసినారితనం వద్దు. హెడ్ దగ్గరి రెండు నట్లు అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించాలి. సైలెన్సర్ బోల్టు, క్లాంప్ అప్పటిదాకా వదులుగా ఉంచి ఆఖర్న బిగించండి. లేకపోతే పైపు వంకరగా కూర్చుని నెలకే మళ్లీ లీకవుతుంది. మామూలు సిలికాన్ పేస్ట్ మాత్రం పూయకండి, దాని ఆవిరికి ఆక్సిజన్ సెన్సర్ పాడవుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ చల్లారాక, నట్లు మరోసారి చూడండి.

ఆ తర్వాతే మ్యాప్. ఎక్కించిన పెట్రోలంతా తీసేసి, మొదటి మ్యాప్ నుంచి మళ్లీ ట్యూన్ చేయాలి. బీఎస్6 బండ్లలో ఈసీయూ కూడా ఆ తప్పుడు రీడింగ్ నమ్మి తనంతట తాను పెట్రోల్ పెంచుకుని ఉంటుంది, ఆ లెర్నింగ్ రీసెట్ చేయించండి. ఆ 350కి మళ్లీ 33 వచ్చింది. "టాపెట్ శబ్దం కూడా పోయిందన్నా" అన్నాడు.

ఇదే మోసం చేసేవి మరో రెండు. కొన్ని బండ్లలో కంపెనీయే ఎగ్జాస్ట్ పోర్టులోకి గాలి పంపే సెకండరీ ఎయిర్ వాల్వ్ పెడుతుంది. ట్యూనింగ్ జరిగినంతసేపు ఆ గొట్టం మూసి, అయ్యాక తెరవండి. రెండోది, పొట్టి సైలెన్సర్ చివర సెన్సర్ దూర్చి రీడింగ్ తీయడం. వెనక నుంచి దూరిన గాలి కూడా లెక్కలో పడుతుంది.

మిగతావి

ఆర్‌పీఎం పెరుగుతోంది, రోలర్ వేగం దానితో పెరగట్లేదు: క్లచ్ జారుతోంది, లేదా టైర్ జారుతోంది. మ్యాప్‌తో పనిలేదు.

డైనో మీద మొదటి రన్ బాగుంది, మూడోదానిలో పవర్ తగ్గింది: ఇంజన్, లోపలికి వెళ్లే గాలి వేడెక్కాయి. మే నెల మధ్యాహ్నం ఒక్క ఫ్యాన్ చాలదు.

చెన్నైలో ఫ్రెండ్ బండికి పవర్ ఎక్కువ వచ్చింది: మనం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం, గాలి సుమారు 5 శాతం పల్చన. కరెక్షన్ (గాలి ఒత్తిడి, వేడిని బట్టి డైనో అంకెని సరిచేసే పద్ధతి) ఏది వాడారో అడగండి. ఒకే రన్‌కి ఎస్‌ఏఈ పద్ధతి కంటే ఎస్‌టీడీ పద్ధతి అంకె దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది.

ఈ10 (10 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ రోజుల్లో చేసిన మ్యాప్, ఇప్పుడు ఈ20 (20 శాతం) పెట్రోల్: మిశ్రమం నిజంగానే 4 శాతం దాకా లీన్ అవుతుంది. ఇక్కడ పెట్రోల్ పెంచడం న్యాయమే. మైలేజీ కొంత తగ్గడం కూడా మామూలే.

ఫ్యూయల్ పంప్ ప్రెజర్ తగ్గడం, టెంపరేచర్ సెన్సర్ తప్పు చూపించడం, వైరింగ్‌లో లూజ్ ఎర్త్ కూడా కారణం కావచ్చు. ఇవి నా దగ్గరికి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గాస్కెట్ మార్చి మళ్లీ డైనో ఎక్కించాక కూడా తేడా రాకపోతేనే వాటి జోలికి వెళ్లండి.